ఆ గడప ఎవరైనా దాటొచ్చు

నాంపల్లి స్టేషన్ రోడ్డు మీద పదకొండేళ్ళు ఆఫీసుకి వెళ్ళొచ్చా. రోజూ బస్సు దిగి, ఇరానీ చాయ్ హోటల్ దాటి, ఫుట్‌పాత్ మీద బెల్టులూ బ్యాగులూ అమ్మేవాళ్ళ మధ్యలోంచి సందు చేసుకుని నడిచే దారిలోనే గోల్డెన్ థ్రెషోల్డ్ ఉంది. పేరు చదివేదాన్ని, యూనివర్సిటీ బోర్డు చూసేదాన్ని, దూరవిద్య ఆఫీసు అనుకుని ముందుకెళ్ళిపోయేదాన్ని. యూనివర్సిటీ వాళ్ళ దూరవిద్య కేంద్రం నిజంగానే అక్కడ ఉండేది కాబట్టి అలా అనుకోవడంలో తప్పేం లేదు గానీ, అది సరోజినీ నాయుడు ఇల్లు అని తెలిసి కూడా, అన్నేళ్ళలో ఒక్క సాయంత్రం లోపలికి వెళ్ళాలని అనిపించలేదంటే ఇప్పుడు తల్చుకుంటే బాధగా ఉంటుంది.

లోపలికి తీసుకెళ్ళింది మా అమ్మాయి. దానికి తొమ్మిదేళ్ళప్పుడు ఎండాకాలం సెలవుల్లో పిల్లలకి నాటకం నేర్పిస్తున్నారని ఎవరో చెప్తే, ఇంట్లో టీవీ ముందు కూర్చోబెట్టడం కంటే నయం కదా అని చేర్పించా. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్ళు 2012లో థియేటర్ ఔట్‌రీచ్ యూనిట్ అని ఒకటి మొదలుపెట్టి, క్యాంపస్‌లో నేర్పే నాటకాన్ని ఊళ్ళోకి తీసుకురావాలని ఈ ఇంటినే దానికి చోటు చేశారు. మొదటిరోజు సాయంత్రం దాన్ని తీసుకురావడానికి వెళ్తే గుమ్మం బయట చెప్పుల కుప్ప. చిన్న చిన్న ప్లాస్టిక్ చెప్పులు, స్కూలు బూట్లు, ఎవరో కుర్రాడివి తెగి పిన్నీసు పెట్టుకున్న హవాయి చెప్పులు, అన్నీ కలిసిపోయి పడున్నాయి. లోపల నేల మీద సుద్దముక్కతో ఒక పెద్ద చదరం గీసి ఉంది, అదే స్టేజీ. దాని అంచు తొక్కకుండా పిల్లలు చుట్టూ బాసింపట్లేసుకుని కూర్చున్నారు. మూలన నీళ్ళ క్యాను, దాని మీద బోర్లించిన ఒకే ఒక్క స్టీలు గ్లాసు. కిటికీ రెక్క మీద చెమటకి తడిసిన కండువా ఎవరో ఆరేసుకున్నారు. చదరం మధ్యలో మా అమ్మాయి చేతులు చాచి నిలబడి ఉంది, ఏంట్రా అంటే మాట్లాడకూడదు నేనిప్పుడు చెట్టుని అని సైగ చేసింది. ఆ ఒక్క నిమిషంలో నాకు ఈ ఇల్లు అర్థమైనంతగా ఏ పుస్తకం చదివినా అర్థం కాలేదు.

అప్పట్నుంచి ఒక మాట చెప్పాలని ఉంది. రచయితల ఇళ్ళని స్మారకాలు చెయ్యాలని, మ్యూజియంలు చెయ్యాలని మనం తెగ అడుగుతాం, వినతిపత్రాలు ఇస్తాం, జయంతికీ వర్ధంతికీ దండలు వేస్తాం. నేను ఆ అడగడమే సరిగ్గా లేదంటాను. ఇల్లు నిలబడాలంటే దాంట్లో మనుషులు మసలాలి. రచయిత ఇల్లయితే జనం పోగయి మాట్లాడుకోవాలి, గొడవపడాలి, పాడాలి, నేర్చుకోవాలి. ఎందుకంటే ఆ ఇళ్ళు ముందునుంచీ అలాంటివే. ఇల్లు కాస్తా సాంస్కృతిక కేంద్రం అయిపోయిందని కొంతమంది బాధపడుతుంటారు గానీ, అసలు ఆ మనుషులు బతికున్నప్పుడు ఆ ఇళ్ళు ఏంటో ఒకసారి చూడండి.

గోల్డెన్ థ్రెషోల్డ్ సరోజిని వాళ్ళ నాన్న అఘోరనాథ్ చటోపాధ్యాయ గారిల్లు. బెంగాలీ ఆయన, ఎడింబరోలో సైన్సు డాక్టరేట్ చేసి 1878లో హైదరాబాద్ వచ్చారు, నిజాం కాలేజీ మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. 1883లో నిజాం ప్రభుత్వం చేసుకున్న చాందా రైల్వే ఒప్పందం మీద ప్రజలకి లెక్క చెప్పమని ఊళ్ళో పెద్దమనుషులతో కలిసి అడిగినందుకు ఆయన్ని రాజ్యం నుంచే పంపించేశారు, తర్వాత మళ్ళీ పిలిపించుకున్నారు. అలాంటి మనిషి ఇల్లు ఎలా ఉంటుంది? సరోజినే ఒక ఉత్తరంలో నాన్న గురించి రాసింది, ఆ ఉత్తరం ముక్కలు ఆవిడ మొదటి కవితల పుస్తకం ముందుమాటలో అచ్చయ్యాయి. తెల్లటి గుబురు గడ్డం, కప్పు ఎగిరిపోయేంత నవ్వు, ఉన్న డబ్బంతా రెండిటికి పోశాడట, ఒకటి మనుషులకి సాయం చెయ్యడానికి, రెండోది ఇనుమూ గినుమూ బంగారం చేసే రసవాదానికి. రోజూ తోటలో పెద్ద కొలువు తీరేదిట. అన్ని మతాల పండితులు, రాజాలు, బిచ్చగాళ్ళు, సాధువులు, పచ్చి దుర్మార్గులు కూడా అంతా కలగాపులగంగా కూర్చునేవాళ్ళు, అందరికీ ఒకటే మర్యాద. రసవాదంలో కొత్త కిటుకు పట్టుకొచ్చినవాడు ఎవడైనా సరే సొంత తమ్ముడితో సమానం.

ఇది చదివాక నాకు చెప్పుల కుప్ప గుర్తొచ్చింది. ఆ తోటలో కూడా బయట ఇలాగే ఉండేవి కదా, రాజావారి జోడూ బిచ్చగాడి చెప్పులూ ఒకేచోట.

ఇంటి పేరు సంగతి కూడా చెప్పాలి. 1905లో లండన్‌లో అచ్చయిన సరోజిని మొదటి పుస్తకం పేరే ఇంటికి వచ్చింది. ఇంగ్లీషులో చూస్తే అదేదో కవిత్వపు పేరులా ఉంటుంది గానీ తెలుగులో అనుకుని చూడండి, బంగారు గడప. మనకి బంగారు రంగు గడప అంటే ఏంటి, పసుపు రాసిన గడపే కదా. శుక్రవారం పొద్దున్నే మా అమ్మ గడప కడిగి పసుపు రాసి, బొట్లు పెట్టి, ఎండలో అది మెరుస్తుంటే చూసుకుని లోపలికెళ్ళేది. గడప మీద కూర్చుంటే మాత్రం తిట్టేది, వచ్చేవాళ్ళకి అడ్డమే, లేమ్మా అని. వచ్చేవాళ్ళకి అడ్డం ఉండకూడదు. గడప అనే మాటకి నాకు తెలిసిన అర్థం అది.

నేను పుట్టి పెరిగింది రాజమండ్రి. కందుకూరి వీరేశలింగం గారి పేరు వినకుండా మా ఊళ్ళో చిన్నతనం గడవదు. స్కూల్లో ఏప్రిల్ 16న ఆయన పుట్టినరోజుకి వరసగా నిలబెట్టి తీసుకెళ్ళేవాళ్ళు, చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళం, మాస్టారు ఉపన్యాసం చెప్పేవారు, చాక్లెట్ ఇచ్చేవాళ్ళు, వచ్చేసేవాళ్ళం. పెద్దయ్యాక నాకై నేను చదువుకున్నప్పుడు తెలిసింది ఆయన ఇల్లు ఎలాంటిదో. 1881 డిసెంబర్ 11 రాత్రి ఆ ఇంట్లో మొదటి వితంతు వివాహం జరిగింది. ఊరంతా ఎదురుతిరిగింది. వంటవాళ్ళు రానన్నారు, నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు, అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు గోదావరికి వెళ్ళి నీళ్ళు మోసుకొచ్చి తనే వండి పెట్టింది. కుర్రాళ్ళు, ఆయన శిష్యులు, కాపలా ఉన్నారు. నాలుగు రోజులకి ఇంకో పెళ్ళి. ఆయన చేతిరాత, కుర్చీ, కళ్ళజోడు ఇవన్నీ విలువైనవే, కాదనను. కానీ ఆ ఇంటి విలువంతా ఆ రాత్రి రాజ్యలక్ష్మమ్మ గారు మోసుకొచ్చిన బిందెలో ఉంది. బిందెని అద్దాల పెట్టెలో పెట్టి చూపించి ఆ సంగతి ఎలా చెప్తాం? మళ్ళీ ఎవరికో ఊరు తలుపులు మూసినప్పుడు ఈ ఇల్లు తలుపు తీస్తే అప్పుడు తెలుస్తుంది.

ఆయనకి ఇల్లొక్కటే చాలలేదు. జనం కూర్చుని మాట్లాడుకోవడానికి చోటు ఉండాలని 1890లో సొంత డబ్బుతో టౌన్ హాల్ కట్టించాడు. పత్రిక నడిపాడు, నాటకాలు రాశాడు, రాసి కుర్రాళ్ళతో ఆడించాడు. 1880లో ఆడిన వ్యవహారధర్మబోధినిలో కోర్టు ప్లీడర్ల గుట్టంతా మామూలు జనం మాట్లాడుకునే భాషలో విప్పి చూపించాడు. ఇవాళ ఆంధ్రలో ఆయన పుట్టినరోజునే తెలుగు నాటకరంగ దినోత్సవంగా చేస్తున్నారంటే ఊరికే కాదు.

ఇక్కడే రెండిళ్ళూ కలుస్తాయి, నాకు ఈ సంగతి తెలిసినరోజు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. సరోజిని నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండ్ వెళ్ళి చదువుకుని 1898లో తిరిగొచ్చింది. ఆ డిసెంబర్ 2న మద్రాసులో గోవిందరాజులు నాయుడు గారిని పెళ్ళి చేసుకుంది. ఆయన తెలుగాయన, డాక్టరు. ఆమె బెంగాలీ బ్రాహ్మణుల పిల్ల. కులం వేరు, భాష వేరు. 1872 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద బ్రహ్మసమాజ పద్ధతిలో జరిగిన ఆ పెళ్ళి చేయించింది ఎవరనుకున్నారు, మా రాజమండ్రి వీరేశలింగం పంతులుగారు. అంటే గోదావరి ఒడ్డున ఒక ఇంట్లో మొదలైన పని పదిహేడేళ్ళకి మద్రాసు మీదుగా నాంపల్లిలో ఇంకో ఇంట్లో కాపురం పెట్టింది. ఆ ఇంట్లోనే జయసూర్య, పద్మజ, రణధీర, లీలామణి నలుగురు పిల్లలు పెరిగారు. నేను చాక్లెట్ తీసుకుని వచ్చేసిన ఊరికీ, పదకొండేళ్ళు దాటుకుంటూ పోయిన గేటుకీ మధ్య ఇంత దగ్గరి చుట్టరికం ఉందని నాకెవరూ చెప్పలేదు. చెప్పే చోటు ఉండాలి కదా, చెప్పుకునే చోటు.

ఆవిడ ఇంగ్లీషులో రాసింది, పుట్టుకతో బెంగాలీ, మనకేంటి అనేవాళ్ళు ఉన్నారు. నాతో పనిచేసిన ఒకాయనే అన్నాడు, మన తెలుగు కవుల ఇళ్ళకే దిక్కు లేదు మేడం, ఆవిడ గురించి మీకెందుకు అని. తెలుగు కవుల ఇళ్ళకి దిక్కు లేకపోవడం నిజమే, దానికోసమే ఇదంతా రాస్తున్నా. కానీ ఆవిడ మనకి పరాయిదెలా అవుతుంది? అమ్మ వరదసుందరి బెంగాలీలో పాటలు రాసేది, పిల్లతో హిందుస్తానీలో మాట్లాడేది, నాన్నతో ఇంగ్లీషు, మొగుడిది తెలుగు. ఇది అచ్చంగా హైదరాబాదు ఇల్లు, మా అపార్ట్‌మెంట్లో ఇవాళ్టికీ సగం ఇళ్ళు ఇలాగే ఉన్నాయి. ఆవిడ తమ్ముడు హరీంద్రనాథ్ కవి, నటుడు, హైదరాబాద్‌లోనే పుట్టాడు, మొదటి లోక్‌సభకి గెలిచింది ఎక్కడనుంచనుకున్నారు, విజయవాడ నుంచి. అప్పుడు బెజవాడ జనం ఈయన బెంగాలీ కదా మనకేంటి అనుకోలేదు, ఓట్లేసి పంపించారు.

ఇప్పుడు ఇంకో ఇంటి సంగతి. ఊరి పేరు రాయను, కవి పేరూ రాయను. నాలుగేళ్ళ క్రితం ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు ఆ ఊళ్ళోనే ఫలానా కవి ఇల్లుంది, స్మారక భవనం చేశారు అంటే పెళ్ళి భోజనం అయ్యాక ఆటో మాట్లాడుకుని వెళ్ళా. గేటుకి తాళం. కొత్తగా రంగు వేశారు, బయట విగ్రహం, విగ్రహం మెడలో ఎప్పటిదో ఎండిపోయిన దండ, పూలు రాలి దారం మాత్రం మిగిలింది. పక్కింటావిడ బట్టలారేస్తూ, తాళం చెవి ఫలానా ఆయన దగ్గరుంటుందమ్మా, ఆయన భోజనానికి వెళ్ళాడు, ఇవాళ ఇంక రాడు అంది. ఎప్పుడు తీస్తారండీ అంటే, జయంతికి తీస్తారు, పెద్దవాళ్ళు వచ్చినప్పుడు తీస్తారు అంది. కిటికీ అద్దానికి చేతులడ్డం పెట్టుకుని లోపలికి చూశా. ఫొటోలు, బల్ల, బల్లకి చుట్టూ కట్టిన ఎర్ర తాడు, నేల మీద బల్లి గుడ్ల పెంకులు. ఆ కవి బతికున్నప్పుడు అర్ధరాత్రి కూడా తలుపు గొళ్ళెం వేసేవాడు కాదని ఆయన శిష్యులు చెప్పుకునేవాళ్ళు. ఆటోలో వెనక్కి వస్తూ ఏడుపొచ్చింది నాకు, ఆటో అతను అద్దంలో చూసి ఏమైందమ్మా అన్నాడు కూడా.

పక్కింటావిడ చెప్పిన ఆ ఒక్క ముక్కలోనే అంతా ఉందని నాకనిపిస్తుంది, తాళం చెవి ఎవరి దగ్గరుంది. రచయిత ఇల్లు కాపాడుకోవడం అనగానే మనం అడిగేవన్నీ ఒకసారి ఖర్చుపెట్టేస్తే అయిపోయేవి. ఇల్లు కొనండి, బాగు చేయించండి, విగ్రహం పెట్టండి, శిలాఫలకం వెయ్యండి. దానికి డబ్బు ఎలాగోలా వస్తుంది, ఎందుకంటే దానికి ప్రారంభోత్సవం ఉంటుంది, రిబ్బను ఉంటుంది, ఫొటో ఉంటుంది. ఆ తర్వాత నెలనెలా వచ్చే ఖర్చు సంగతి ఎవరూ అడగరు. కరెంటు బిల్లు ఎవరు కడతారు, బాత్రూం ఎవరు కడుగుతారు, సాయంత్రం ఆరింటికి తలుపు తీసి రాత్రి తొమ్మిదింటికి వేసే మనిషికి జీతం ఎవరిస్తారు. ఆరింటికే ఎందుకంటే ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, కాలేజీకి పోయేవాళ్ళు, కొట్లో పనిచేసేవాళ్ళు ఖాళీ అయ్యేది అప్పుడే. పదింటి నుంచి అయిదింటిదాకా తెరిచి ఉంచితే వచ్చేది ఎవరు? ఆ టైముకి మనందరం ఇంకో ఆఫీసులో ఉంటాం. బాత్రూం మాట ఎందుకన్నానంటే, ఆడవాళ్ళు ఒక సాయంత్రం మీటింగుకి రావాలా వద్దా అని తేల్చుకునేది చాలాసార్లు దాన్నిబట్టే, ఇది ఏ కమిటీలోనూ ఎవరూ ఎత్తరు. రచయిత కుర్చీకి పాలిష్ పెట్టించడానికి ముందు ఆడవాళ్ళకి గొళ్ళెం పడే బాత్రూం తలుపు పెట్టించండి, మనుషులు వస్తారు, మనుషులొస్తే కుర్చీని వాళ్ళే చూసుకుంటారు.

గోల్డెన్ థ్రెషోల్డ్ నాకు నచ్చేది అందుకే. దాని వెనక ఒక యూనివర్సిటీ ఉంది, జీతాలున్న మనుషులున్నారు. ఆ యూనివర్సిటీకీ ఆ ఇంటికీ ఉన్న బంధం కూడా మామూలుది కాదు. సరోజిని కూతురు పద్మజా నాయుడు గారి చేతుల మీదుగా ఇల్లు యూనివర్సిటీకి వచ్చింది, 1974 అక్టోబర్ 2న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మొదలైతే దాని మొదటి రోజులు ఈ ఇంట్లోనే గడిచాయి. ఇవాళ గచ్చిబౌలిలో వేల ఎకరాల క్యాంపస్ ఉన్న యూనివర్సిటీ ఒకప్పుడు ఈ గదుల్లో సర్దుకుని కూర్చుంది. ఆ తర్వాత కళల విభాగాలు, దూరవిద్య, నాటకం. ఏదో ఒకటి ఎప్పుడూ నడుస్తూనే ఉంది ఆ ఇంట్లో, పూర్తిగా బూజు పట్టే టైము దానికి దొరకలేదు.

అయితే ఈ విషయంలో మా మామయ్యగారికీ నాకూ అస్సలు కుదరదు. ఆయన ఇంగ్లీషు లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు, సరోజిని కవితలు కొన్ని ఆయనకి నోటికొచ్చు, పల్లకీ మోసేవాళ్ళ మీద ఆవిడ రాసిన పద్యం మనవరాలికి జోలపాటగా పాడిన మనిషి. దాని నాటకం క్లాసు ఆ ఇంట్లో అని తెలిసి సంతోషిస్తారనుకుంటే ముఖం చిన్నబుచ్చుకున్నారు.

"ఏమ్మా, ఆవిడ తిరిగిన గదుల్లో పిల్లలు గంతులేస్తుంటే నీకేం అనిపించట్లేదా?" అన్నారు.

"బావుందనిపించింది మామయ్యగారూ" అన్నా.

"అది పాత కట్టడం. డప్పులు, దరువులు, లైట్ల కోసం గోడలకి మేకులు, ఇవన్నీ అది తట్టుకుంటుందా? ఇంకో ఇరవయ్యేళ్ళు పోయాక గోడే లేకపోతే నీ పిల్లలు ఎక్కడ గంతులేస్తారు?"

ఇది కొట్టిపారేసే మాట కాదు. నేను చాలా రోజులు ఆలోచించా దీని మీద. పాత ఇంటికి మేకు దెబ్బ నిజమే, వానకి కారే కప్పు నిజమే, ఎక్కడపడితే అక్కడ లాగిన కరెంటు వైర్లు నిజంగా ప్రమాదమే. సున్నం గోడకి సిమెంటు పూస్తే తేమ బయటికి పోయే దారి లేక గోడ లోలోపలే పాడవుతుందని పాత ఇళ్ళు బాగుచేసే ఒకాయన చెప్తే విన్నా, కాబట్టి బాగు చేసే పేరుతో కూడా పాడు చెయ్యొచ్చు. తెలిసినవాళ్ళ చేత ఏటా చూపించాలి, ఏ గదిలో ఎంతమంది, ఎక్కడ దరువు వెయ్యొచ్చు ఎక్కడ వద్దు అని ఒక పద్ధతి ఉండాలి, బరువైన పని తోటలో పెట్టుకోవాలి. ఇంతవరకూ మామయ్యగారి మాటే నా మాట. కానీ తాళం వేస్తే గోడ బతుకుతుందని మాత్రం ఒప్పుకోను. మా అమ్మమ్మగారి ఊళ్ళో మా పెద్దమామయ్య వాళ్ళ పెంకుటిల్లు, మనుషులున్నన్నాళ్ళూ యాభై ఏళ్ళు చెక్కు చెదరలేదు. వాళ్ళు కొడుకు దగ్గరికి వెళ్ళి తాళం వేశాక మూడు వానాకాలాల్లో దూలం కుంగింది. ఎక్కడ పెంకు జరిగిందో చూసేవాళ్ళు లేరు, పొగ లేదు, చీపురు లేదు, చెద ఎక్కింది. ఇంట్లో తిరిగే మనిషికి పగులు మొదటిరోజే కనిపిస్తుంది, తాళం వేసిన ఇంట్లో పగులు కూలాకే కనిపిస్తుంది.

మైసూరు వెళ్ళినప్పుడు యాదవగిరిలో ఆర్.కె. నారాయణ్ ఇల్లు చూశా. 2011లో దాన్ని కూల్చడం మొదలుపెడితే జనం అడ్డుపడి ఆపారు, ప్రభుత్వం కొని బాగుచేయించి 2016లో మ్యూజియంగా తెరిచింది. కన్నడంలో రాయని మనిషి ఇంటికి ప్రభుత్వం డబ్బెందుకని అక్కడి రచయితలు కొందరు అడ్డం తిరిగారు కూడా. అయినా నిలబెట్టుకున్నారంటే వాళ్ళకి దణ్ణం పెట్టాలి. ఆయన కూర్చుని రాసుకున్న కిటికీల గదిలో వెలుతురు భలే ఉంటుంది. కానీ ఎంతసేపు ఉన్నా ఫొటోలు చూడటం తప్ప చెయ్యడానికి ఏం లేదు, ఎవరం ఎవరితోనూ మాట్లాడుకోలేదు, గుసగుసగా నడిచి బయటికొచ్చేశాం. ఆ గదిలో వారానికొకసారి పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టి కథలు రాయిస్తే ఎలా ఉంటుందా అనుకుంటూ మెట్లు దిగా. కేరళలో తిరూరు దగ్గర తుంచన్ పరంబు అలా కాదు, మలయాళానికి తండ్రి అనుకునే ఎళుత్తచ్చన్ పుట్టిన చోటు అది, విజయదశమికి వేలమంది తల్లిదండ్రులు పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అక్కడే అక్షరాలు దిద్దిస్తారు, ఎం.టి. వాసుదేవన్ నాయర్ లాంటి రచయిత ఏళ్ళతరబడి ఆ ట్రస్టు బాధ్యత మోశారు. బియ్యంలో వేలు పెట్టి రాసిన పిల్లకి ఆ చోటు జన్మలో మర్చిపోయేది కాదు.

మనకి చేతకాదా అంటే, చేతకాకపోవడమేంటి, మనం చేసిందే. సుల్తాన్ బజార్లో ఇప్పుడున్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం 1901 సెప్టెంబర్ 1న రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో మొదలైంది. నిజాం రాజ్యంలో తెలుగు చదవడానికి, తెలుగులో మాట్లాడుకోవడానికి ఒక చోటు కావాలంటే ఒక మనిషి తన ఇల్లు ఇచ్చాడు, అంతే. దాని వెనకున్న కొమర్రాజు లక్ష్మణరావు గారు తర్వాత మద్రాసులో ఉన్నప్పుడు ఆయన ఇల్లు వేదవిలాస్ పండితులకీ రాసేవాళ్ళకీ మకాం, విజ్ఞాన సర్వస్వం పని జరిగింది కూడా ఆయన దగ్గరే. 1919 మేలో వీరేశలింగం గారు కన్నుమూసింది ఆ వేదవిలాస్‌లోనే. ఊరు కాని ఊళ్ళో, ముసలితనంలో, ఇంకో రాసేవాడి ఇంట్లో. ఆ తరం ఇళ్ళన్నీ ఒకదానికొకటి తలుపులు తీసి పెట్టుకున్నట్టుంటాయి నాకు. మనం ఆ ఇళ్ళకి తాళాలు వేసి, బయట వాళ్ళ పేర్లు రాశాం.

గోల్డెన్ థ్రెషోల్డ్‌లో అన్నీ బావున్నాయని కూడా అనట్లేదు. మా అమ్మాయి వెళ్ళినప్పుడు నాటకం బాగా జరిగేది, కానీ కవయిత్రి ఇంట్లో కవిత్వం ఇంకా ఎక్కువ వినిపించాలని నా కోరిక. నాంపల్లి అంటే ఉర్దూ, తెలుగు, మరాఠీ, హిందీ అన్నీ కలిసే చోటు. నెలకొక సాయంత్రం ఉర్దూ ముషాయిరా వాళ్ళూ తెలుగు కవులూ ఒకే చాప మీద కూర్చుని ఒకళ్ళది ఒకళ్ళు విని, పక్కన ఎవరో ఒకరు ఆ మాటకి ఈ మాటని అర్థం చెప్తుంటే, అఘోరనాథ్ గారి తోట కొలువు మళ్ళీ తీరినట్టే కదా. గేటు బయట బెల్టులమ్మే కుర్రాడికి కూడా ఇక్కడికి నేనూ వెళ్ళొచ్చు అనిపించేలా తెలుగులో ఉర్దూలో పెద్దక్షరాలతో ఒక బోర్డు రాయాలి, ఇవాళ సాయంత్రం లోపల ఫలానాది ఉంది, రండి అని. నేను పదకొండేళ్ళు దాటుకుని పోయానంటే, బద్ధకం నాదే అయినా, రమ్మని కూడా ఎవరూ అనలేదు. పెళ్ళికైనా పేరంటానికైనా మనం పిలిస్తేనే కదా వెళ్తాం.

క్లాసు చివరిరోజు పిల్లలు చిన్న నాటకం వేశారు. మామయ్యగారు రానన్నారు, మనవరాలు చెయ్యి పట్టుకుని లాగితే వచ్చారు. గుమ్మం దగ్గర ఆగి, వంగి, చెప్పులు విడిచి ఆ కుప్పలో పెట్టకుండా పక్కగా గోడవారన జాగ్రత్తగా పెట్టుకున్నారు. నాటకమంతా గోడల వంకే చూశారు, మేకులు లెక్కపెడుతున్నారేమో అనుకున్నా. అయ్యాక పిల్లలు చెమటలు కక్కుతూ వచ్చి చుట్టూ చేరితే, తెగిన హవాయి చెప్పుల కుర్రాడు అడిగాడు, తాతా ఈ ఇల్లు ఎవరిదో నీకు ఎరుకనా అని. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, నీ అంత పిల్లదిరా అని మొదలుపెట్టారు. సరోజినికి తొమ్మిదేళ్ళప్పుడు ఇంగ్లీషు మాట్లాడనంటే మాట్లాడనని మొండికేసిందని, వాళ్ళ నాన్న దానికి శిక్షగా ఒక్కత్తినే రోజంతా గదిలో పెట్టి తలుపేశాడని, ఆయన జన్మలో ఆమెని శిక్షించింది అదొక్కసారేనని, బయటికి వచ్చినప్పుడు ఇంగ్లీషు మాట్లాడుతూ వచ్చిందని, ఇంక నాన్నతో వేరే భాషే మాట్లాడలేదని. ఆ తర్వాత పదకొండేళ్ళప్పుడు లెక్క తెగక నిట్టూరుస్తూ కూర్చుంటే లెక్కకి బదులు పద్యం వచ్చిందని కూడా చెప్పారు. పిల్లలందరూ నేల మీద కూర్చుండిపోయారు, తీసుకెళ్ళడానికి వచ్చిన అమ్మానాన్నలు గుమ్మం దగ్గర నిలబడిపోయారు, ఎవరూ పద పద అనలేదు.

ఆ కుర్రాడు అంతా విని, "మరి రోజంతా గదిల పెడితే ఆమెకి అన్నం పెట్టిన్రా లేదా?" అన్నాడు.

మామయ్యగారు నోరు తెరిచి ఆగిపోయారు. నలభై ఏళ్ళు పాఠం చెప్పినాయన. "అది రాయలేదు నాన్నా ఆవిడ" అన్నారు కాసేపటికి.

రాత్రి భోజనాలయ్యాక కూడా ఆయన గదిలో లైటు వెలుగుతుంటే వెళ్ళి చూశా. మంచం మీద పాత పుస్తకాలన్నీ పరుచుకుని ఆ ఉత్తరం వెతుకుతున్నారు.